కొంగు చాటు తుపాకీ

ఆత్మరక్షణ అనగానే మన ఆడవాళ్ళకు గుర్తొచ్చేవి ఏమిటి? కారప్పొడి పొట్లం, పిన్నీసు, మహా అయితే గొడుగు. కిక్కిరిసిన బస్సులో వెనకవాడు మీదమీదకి వస్తుంటే పిన్నీసు చేసిన ఉపకారం ఇంకే ఆయుధమూ చేసి ఉండదు. తుపాకీ పట్టిన ఆడది అంటే మాత్రం మనకు 1990లో వచ్చిన ‘కర్తవ్యం’లో విజయశాంతే. చప్పట్లు కొట్టి ఇంటికొచ్చి అన్నానికి ఎసరు పెట్టుకున్నాం. తుపాకీ పోలీసులదీ, దొంగలదీనూ. ఇల్లాలికి దాంతో ఏం పని?

అమెరికాలో అలా కాదు. అక్కడ ఇల్లాళ్ళు కూడా కూరగాయలు కొన్నంత మామూలుగా పిస్తోలు కొంటారు. పైకి కనపడకుండా ఒంటిమీద పెట్టుకుని తిరగడాన్ని ‘కన్సీల్డ్ క్యారీ’ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే కొంగు చాటు తుపాకీ. ఇంట్లో ఆత్మరక్షణకు చేతి తుపాకీ ఉంచుకోవడం పౌరుల హక్కని 2008లో, దాన్ని ఇంటి బయటికి తీసుకెళ్ళడమూ హక్కేనని 2022లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పులిచ్చింది. టెక్సాస్‌లో అయితే 2021 సెప్టెంబరు 1 నుంచి అర్హత ఉన్నవాళ్ళు లైసెన్సు లేకుండానే పెట్టుకుని తిరగొచ్చు.

ఈ సంగతులన్నీ నాకెందుకూ అంటారా? మా చెల్లెలు ఉండేది ఆ టెక్సాస్‌లోనే, డల్లాస్ పక్కన. మరిది ఉద్యోగరీత్యా వారంలో నాలుగు రోజులు వేరే ఊళ్ళో ఉంటాడు. ఏడేళ్ళ కొడుకు, నాలుగేళ్ళ కూతురు, చుట్టూ చెట్లు, రాత్రి తొమ్మిదైతే చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. నేను వెళ్ళిన నెలలోనే రెండు వీధుల అవతల ఒక తెలుగువాళ్ళింట్లో దొంగలు పడ్డారు. మనవాళ్ళ ఇళ్ళల్లో బంగారం ఉంటుందన్న సంగతి అక్కడి దొంగలకూ తెలిసిపోయింది మరి! ఆ వారమంతా మా చెల్లెలు సరిగ్గా నిద్రపోలేదు. ఓ రాత్రి నా పక్కన కూర్చుని, “అక్కా, నేనూ ఒక పిస్తోలు కొనుక్కుంటే ఎలా ఉంటుందంటావ్?” అంది.

“కొరివితో తల గోక్కున్నట్టు ఉంటుంది” అని నోటిదాకా వచ్చింది. కానీ భయపడుతున్న మనిషికి సామెత జవాబు కాదుగా. ముందు సంగతేమిటో తెలుసుకుందాం అన్నాను. అలా తెలుసుకున్నవే ఇవి. అమెరికాలో కూతుళ్ళూ కోడళ్ళూ చెల్లెళ్ళూ లేని ఇల్లు ఇప్పుడు మన ఊళ్ళల్లో అరుదు. వాళ్ళకు ఈ కాగితం కత్తిరించి పంపినా పనికొస్తుంది.

ఎవరు కొనచ్చు?

ముందు ఇది చూసుకోవాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళు, పౌరసత్వం వచ్చినవాళ్ళు కొనుక్కోవచ్చు. దుకాణంలో ఒక ఫారం నింపాలి. ఎఫ్‌బీఐ వాళ్ళ రికార్డుల్లో పేరు వెతికి, అభ్యంతరం లేదంటేనే ఇస్తారు. కానీ హెచ్-1బీ, హెచ్-4, విద్యార్థి వీసా, విజిటర్ వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీగానీ, ఒక్క తూటాగానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం ఎంత ఉదారంగా ఉన్నా సరే, ఈ నిషేధం పోదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉంది. అది పట్టుకుని తుపాకీలు కొంటున్న మన కుర్రాళ్ళూ ఉన్నారు. 2024లో జార్జియా రాష్ట్రంలో తెలంగాణ విద్యార్థి ఒకడు తన వేట తుపాకీ శుభ్రం చేసుకుంటుండగా అది పేలి చనిపోయాడు. ఆ దేశంలో చదువుకునే పిల్లలకు తుపాకీ దొరుకుతుందన్న సంగతే ఇక్కడ చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. కాబట్టి మీ అబ్బాయితో ఫోన్లో తిన్నావా, పడుకున్నావా అని అడిగేటప్పుడు ఈ సంగతి కూడా అడగండి.

మా చెల్లెలికి గ్రీన్‌కార్డు ఉంది. నాది విజిటర్ వీసా. అందుకని దుకాణంలో నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. షూటింగ్ రేంజిలో అద్దం ఇవతల నుంచే చూశాను.

చిన్నది తేలికేనా?

కౌంటరు దగ్గర నిలబడ్డ ఏ ఆడదానికైనా అమ్మేవాళ్ళు ముందు చూపించేది అరచేతిలో ఇమిడే బుల్లి తుపాకీ. గులాబీ రంగువి కూడా ఉన్నాయి! మనకూ అదే నచ్చుతుంది. చిన్నది, తేలికైనది, ముద్దుగా ఉంది. కానీ మాకు నేర్పిన శిక్షకురాలు, యాభై దాటిన అమెరికన్ ఆవిడ, దాన్ని పక్కకి నెట్టేసింది. “చిన్న తుపాకీ బాగా అనుభవం ఉన్నవాళ్ళకి. కొత్తవాళ్ళకి కొంచెం పెద్దదే మంచిది” అంది.

కారణం తేలికే. ఖాళీ బస్సు గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంది, నిండు బస్సు అంత ఎగరదు. తుపాకీ అయినా అంతే. ఒకే తూటా పేల్చినప్పుడు బరువున్న తుపాకీ కన్నా తేలికది చేతిని ఎక్కువ తంతుంది. పిడి పొట్టిదైతే చిటికెనవేలుకు చోటే ఉండదు, పట్టు కుదరదు. గొట్టం పొట్టిదైతే గురి చూసే రెండు గుర్తుల మధ్య దూరం తగ్గి, చిన్న వణుకు కూడా పెద్ద తప్పవుతుంది.

ఆవిడ బల్ల మీద నాలుగు రకాలు పెట్టింది. మొదటిది స్మిత్ అండ్ వెసన్ 642 రివాల్వరు. అయిదు తూటాలు పడతాయి. ఖాళీగా 410 గ్రాముల దాకా ఉంటుంది. సుత్తి లోపలే దాగి ఉంటుంది కాబట్టి బట్టలకు తగులుకోదు. నడపడం సులువు, మీట నొక్కడమే. కానీ ఆ మీట చాలా గట్టి. మా చెల్లెలు రెండు చూపుడువేళ్ళూ పెట్టి నొక్కింది. పేల్చినప్పుడు చేతికి తగిలే దెబ్బ కూడా ఎక్కువే. రెండోది 2018లో వచ్చిన సిగ్ పీ365. పది తూటాలు, 500 గ్రాములు. ఒంటిమీద దాచుకోవడానికి బాగుంటుందని చాలామంది కొంటున్నది. మూడోది గ్లాక్ 19. పదిహేను తూటాలు, ఖాళీగా 600 గ్రాములు, నింపితే 850 దాకా. దాచుకోవడం కష్టమే కానీ చేతిలో నిలకడగా ఉంటుంది. ఇంట్లో ఉంచుకోవడానికైనా, బయటికి తీసుకెళ్ళడానికైనా మధ్యరకంగా దీన్ని చెప్తారు. ధర 500, 600 డాలర్ల మధ్య. నాలుగోది స్మిత్ అండ్ వెసన్ వాళ్ళదే, షీల్డ్ ఈజీ. ఇదీ 2018లోనే వచ్చింది. ఎనిమిది తూటాలు. చేతుల్లో బలం తక్కువైనవాళ్ళు, కీళ్ళనొప్పులున్నవాళ్ళు కూడా లాగగలిగేట్టు చేశారు.

లాగడం అంటే... పిస్తోలు పైభాగాన్ని స్లయిడు అంటారు. దాన్ని వెనక్కి లాగి వదిలితేనే మొదటి తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. మొదట మా చెల్లెలికి అది కదల్లేదు. “ఎడమచేత్తో పైభాగాన్ని గట్టిగా పట్టుకో. దాన్ని లాగకు, కుడిచేత్తో పిడిని ముందుకు తొయ్యి” అంది ఆవిడ. బిగుసుకుపోయిన సీసా మూత తీసే కిటుకులాంటిదే! రెండోసారికే వచ్చేసింది. అన్నట్టు, తూటాలు నింపే పెట్టెను మ్యాగజైను అంటారట. నాకు తెలిసిన మ్యాగజైను వారపత్రిక ఒక్కటే!

ఏది మంచిదని అడిగితే ఆవిడ ఒకటే చెప్పింది. చేతికి పట్టు కుదరాలి, చూపుడువేలు మీటను హాయిగా అందుకోవాలి, స్లయిడు సొంతంగా లాగగలగాలి, యాభై తూటాలు పేల్చినా మళ్ళీ పేల్చాలనిపించాలి. నొప్పి పుట్టించే తుపాకీతో ఎవరూ సాధన చెయ్యరు. సాధన లేని తుపాకీ మనకన్నా ఎదుటివాడికే ఎక్కువ ఉపయోగం. అందుకే రేంజిలో అద్దెకు తీసుకుని నాలుగు రకాలూ పేల్చి చూశాకే కొనాలి. మొగుడు కొనుక్కొచ్చి చేతిలో పెట్టినది అసలే పనికిరాదు. చెప్పుల జత మన కాలికి మనమే చూసుకుంటాం కదా!

బ్యాగులోనా, ఒంటిమీదా?

హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటే పోలా అనిపిస్తుంది. బ్యాగులో తాళాలుంటాయి, పెన్నులుంటాయి. ఏ తాళంచెవో మీటలో ఇరుక్కుంటే చాలు. పైగా బ్యాగును కుర్చీకి తగిలిస్తాం, పసిపిల్లల పక్కన పెడతాం, దొంగ లాక్కుపోయేది కూడా ముందు దాన్నే. 2014 డిసెంబరులో ఐడాహో రాష్ట్రంలో ఒక తల్లి పిల్లల్ని తీసుకుని బజారుకు వెళ్ళింది. తుపాకీ కోసం ప్రత్యేకంగా జిప్పు అర ఉన్న బ్యాగే అది. ట్రాలీలో కూర్చున్న రెండేళ్ళ కొడుకు అందులో చెయ్యి పెట్టాడు. తుపాకీ పేలి తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఆవిడ తుపాకీల సంగతి తెలియని మనిషి కూడా కాదు.

అందుకే ఒంటిమీద, మీట పూర్తిగా మూసుకుపోయేట్టు గట్టి ఒరలో పెట్టుకోవాలంటారు. మన చుడీదార్లకు బెల్టు ఉండదు కాబట్టి నడుముకు చుట్టుకునే పట్టీ ఒరలు వచ్చాయి. చీరలో దాచడం మాటలు కాదు! ఎక్కడికి తీసుకెళ్ళకూడదో కూడా తెలియాలి. టెక్సాస్‌లోనైనా బడి, కోర్టు, పోలింగ్ కేంద్రం, విమానాశ్రయంలో తనిఖీ దాటిన చోటు, ముఖ్యంగా మద్యం మీదే బతికే బార్లు నిషిద్ధం. దుకాణాలవాళ్ళు, గుళ్ళవాళ్ళు వద్దని బోర్డు పెడితే వద్దన్నట్టే. లైసెన్సు అక్కర్లేకపోయినా, 4 నుంచి 6 గంటల పాఠం, షూటింగ్ పరీక్ష ఉన్న లైసెన్సు కోర్సు చేయమనే ఆవిడ సలహా.

అట్టగోడల ఇళ్ళు

అమెరికా ఇళ్ళ లోపలి గోడలు మన ఇటుక గోడల్లాంటివి కావు. కర్ర చట్రానికి రెండువైపులా జిప్సం పలకలు కొట్టినవి. తొమ్మిది మిల్లీమీటర్ల తూటా అలాంటి గోడలు రెండు మూడు దాటి పోతుంది. హాల్లో దొంగ మీద పేల్చినది తప్పితే ఎక్కడికి పోతుంది? పిల్లల గదిలోకి. అందుకే క్లాసులో మొదటి రోజు తుపాకీ ఇవ్వకుండా నాలుగు సూత్రాలు వల్లె వేయించారు. ఏ తుపాకీనైనా నిండినదే అనుకో. నాశనం చెయ్యదలచుకోని దేనివైపూ గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా వేలు మీట మీద పెట్టకు. గురి ఏమిటో, దాని వెనక ఏముందో చూసుకో. సగం నిద్రలో, చీకట్లో, గుండె దడదడలాడుతుంటే ఈ నాలుగూ గుర్తుండాలి!

అర్ధరాత్రి చప్పుడైతే తుపాకీ పట్టుకుని ఇల్లంతా వెతకడం సినిమాల్లో మాట. పిల్లల్ని ఒక గదిలోకి చేర్చి, తలుపు వేసుకుని, 911కి ఫోన్ చేసి అక్కడే ఉండాలి. వస్తువులు పోతే పోనీ.

మరి ఎక్కడ పెట్టాలి? తలగడ కిందా? ఇంట్లో పిల్లలుంటే ఆ మాటే అనకూడదు. 17 ఏళ్ళలోపు పిల్లలకు అందేట్టు నిండు తుపాకీ వదిలేస్తే టెక్సాస్‌లో అది నేరం. 2020 నుంచి అమెరికాలో పిల్లల, టీనేజర్ల మరణాలకు మొదటి కారణం తుపాకీలే. తాళం పెట్టెలో పెడితే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు కాదా అంటారేమో! మీటలు నొక్కితే క్షణాల్లో తెరుచుకునే చిన్న ఇనప్పెట్టెలు ఉన్నాయి. మంచం పక్కన బిగించుకోవచ్చు. తుపాకీ కన్నా ముందు కొనాల్సింది అది.

దొంగ కన్నా దగ్గరవాళ్ళు

ఇప్పటిదాకా బయటినుంచి వచ్చేవాడి గురించే మాట్లాడాం. ఇక లోపలి సంగతి. 1993లో అమెరికా వైద్య పత్రిక ఒకదానిలో వచ్చిన పరిశోధన, తుపాకీ ఉన్న ఇంట్లో హత్య జరిగే ప్రమాదం 2.7 రెట్లు ఎక్కువని తేల్చింది. కాలిఫోర్నియాలో జరిగి 2022లో అచ్చయిన మరో పెద్ద పరిశోధన, తమకు తుపాకీ లేకుండా, తుపాకీ ఉన్నవాళ్ళతో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళను చూసింది. భర్తో, సహచరుడో కాల్చి చంపే ప్రమాదం వాళ్ళకు ఏడు రెట్లు ఉంది. అలా పోయినవాళ్ళలో నూటికి 84 మంది ఆడవాళ్ళు. తుపాకీ ఎవరి పేరున కొన్నా, చేయి చేసుకునే మొగుడున్న ఇంట్లో అది చివరికి అతని చేతిలోకే పోతుంది. గృహహింసలో శిక్ష పడ్డవాళ్ళు తుపాకీ పెట్టుకోకూడదని అక్కడ 1996లోనే చట్టం వచ్చింది. కోర్టు రక్షణ ఉత్తర్వు ఉన్నవాళ్ళ మీద నిషేధం సబబేనని 2024లో సుప్రీంకోర్టూ చెప్పింది. అలాంటి ఇంట్లో ఉన్న మన పిల్లకు కావలసింది పిస్తోలు కాదు, 1-800-799-7233 అనే గృహహింస సహాయ నంబరు, మన ఇంటి తలుపు తెరిచే ఉంటుందన్న భరోసా.

రెండోది ఇంకా మాట్లాడుకోని సంగతి. అమెరికాలో 2021లో తుపాకీల వల్ల 48,830 మంది చనిపోయారు. వాళ్ళలో సగానికి పైగా ఆత్మహత్యలు. క్లాసు ముగిసే ముందు ఆ ఆవిడ పుస్తకం మూసేసి, “మీలో గానీ, మీ ఇంట్లో గానీ ఎవరికైనా దిగులు జబ్బు ఉందా? చేతులు ఎత్తక్కర్లేదు, మీలో మీరే జవాబు చెప్పుకోండి” అంది. మా చెల్లెలు కారులో సగం దారి వచ్చేదాకా నోరు విప్పలేదు.

“పాప పుట్టాక ఆర్నెల్లు ఎలా ఉన్నానో నీకు తెలీదక్కా. ఫోన్లో నవ్వుతూనే మాట్లాడేదాన్ని. బాత్రూం తలుపేసుకుని కూర్చునేదాన్ని. ఒకరోజు మందుల డబ్బా మొత్తం అరచేతిలో పోసుకుని, పాప ఏడిస్తే మళ్ళీ డబ్బాలో పోసేశాను. ఆ రోజు మందుల బదులు ఇది ఉండుంటే?”

నేను ఏమీ అనలేదు. తన చేతి మీద చెయ్యి వేశాను. మందులైతే డబ్బాలో తిరిగి పోసుకునే వ్యవధి ఉంటుంది. తుపాకీ ఆ వ్యవధి ఇవ్వదు. ఈ సంగతి రాయమన్నదీ తనే. “ఇంకెవరికైనా పనికొస్తుందిలే అక్కా” అంది.

ఆ వారమే ఇద్దరం కూర్చుని వేరే జాబితా రాసుకున్నాం. నగలన్నీ బ్యాంకు లాకరుకు వెళ్ళాయి. దొంగకు కావలసిందే ఇంట్లో లేకపోతే సగం భయం పోయినట్టే. ముందు తలుపు గడియ పలకకున్న పొట్టి మరలు తీసి, లోపలి కర్రదాకా దిగే మూడంగుళాల మరలు బిగించాడు మరిది. అలారం, వాకిట్లో దీపం, పక్కింటివాళ్ళ ఫోన్ నంబర్లు, పెప్పర్ స్ప్రే. ఆత్మహత్య ఆలోచనలు వస్తే 988కి ఫోన్ చెయ్యాలన్న కాగితం ఫ్రిజ్ మీద. డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు.

అలాగని అందరికీ ఇదే జవాబు అనను. మా చెల్లెలి స్నేహితురాలు, నెల్లూరావిడ, భర్తతో కలిసి హైవే పక్కన గ్యాస్ స్టేషన్ నడుపుతుంది. రాత్రి పదకొండింటికి ఒక్కత్తే గల్లా కట్టేస్తుంది. ఆవిడకు గ్లాక్ ఉంది, లైసెన్సుంది, నెలకు రెండుసార్లు రేంజికి వెళ్తుంది. పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు. “డబ్బు అడిగితే ఇచ్చేస్తాను. ప్రాణం అడిగితేనే ఇది” అంటుంది. ఆ లెక్క ఆవిడది, ఈ లెక్క మా చెల్లెలిది.

మన దగ్గర

ఇక్కడా ఈ మాట వచ్చింది. ఢిల్లీ ఘటన తర్వాత 2014 జనవరిలో కాన్పూర్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ ఆడవాళ్ళ కోసమంటూ ‘నిర్భీక్’ అనే రివాల్వరు తెచ్చింది. అరకిలో బరువు, .32 బోరు, ఆరు తూటాలు. అప్పటి ధర లక్షా 22 వేల పైచిలుకు. ఏ ఆడపిల్ల కొనగలదు? కొనగలిగినా మన దగ్గర తుపాకీ హక్కు కాదు. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, పోలీసు విచారణ జరగాలి, 2016 నిబంధనల ప్రకారం శిక్షణ పొందాలి. 2019 సవరణతో ఒక మనిషికి రెండు తుపాకీలకు మించి ఉండకూడదు. పెప్పర్ స్ప్రేకు మాత్రం లైసెన్సు అక్కర్లేదు. 112 నంబరుకు ఖర్చే లేదు.

అక్కడున్న మీ అమ్మాయి తుపాకీ మాట ఎత్తితే కసురుకోకండి. ఆ మాట వెనక ఏదో భయం ఉంటుంది. ముందు అదేమిటో కనుక్కోండి. తర్వాత ఈ ప్రశ్నలు అడగండి. నీ వీసా ఒప్పుకుంటుందా? ఇంట్లో పిల్లలు ఎంతవాళ్ళు, పెట్టె కొన్నావా? నెలనెలా సాధన చేస్తావా? ఇంట్లో ఎవరికైనా కోపం చేతుల్లోకి వస్తుందా? ఇంట్లో ఎవరైనా నవ్వుతూ మాట్లాడి తలుపేసుకుని ఏడుస్తున్నారా? చివరి రెంటిలో ఏ ఒక్కదానికి అవునని జవాబు వచ్చినా, ఎంత చిన్న తుపాకీ అయినా ఆ ఇంటికి మరీ పెద్దదే.